చాలు ననుకొనుట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఈ సభలో నన్ను మాటలాడుమని కార్యదర్శిగారు కబురు పంపినపుడు, ఏ విషయమును గూర్చి మాటలాడవలెనని నేనడిగితిని. “మీకు తెలిసినదానిని గూర్చియే చెప్పుడు” అని వారు సెలవిచ్చిరి. అది సులభమైన షరతు కాదు. ముప్పదియేండ్లు తెలుగు పండితుడుగా పనిచేసినవాడను గనుక, ప్రబంధములను గూర్చి నాలుగు మాటలు చెప్పి కూర్చుండవచ్చును. కాని ఈ గ్రామములో నాకంటె బాగుగా ప్రబంధములు తెలిసినవారు ఇద్దరు కలరు. వారు ముందువరుసలోనే కూర్చున్నారు. నాకు నిక్కముగ తెలిసినది ఒక్కటే. అది యెండిపోయిన చీనీతోట.

ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయము ఒక పెంకుటింటి వసారాలో, రెండు బీరువాలతో మొదలైన దినములలో, మేమన్నదమ్ములము మా పొలములో నాలుగవ బోరు వేయించుచుంటిమి. ప్రారంభోత్సవమునకు రమ్మని పిలిచిరి. రాలేకపోతిని. ఆ రాత్రి యంత్రము పొలములో నిలిచియున్నది. అడుగునకింతయని లెక్క. రాతిపొడి తెల్లగా లేచుచుండగా, తడి తగులునేమోయని గుప్పిటపట్టి చూచుచు తెల్లవారు జామువరకు నిలుచుంటిమి. ఆ దినమున ఇచ్చటికి వచ్చియుండిన నాకొక పుస్తకమైనను దక్కియుండెడిది.

మాది పులివెందుల తాలూకాలోని యేడెకరముల సేద్యము. మా నాయన కాలమున అందులో కొర్ర, జొన్న, కందిసాలు, కొంత చెనిక్కాయ. వాన కురిసిన పండును, కురియకున్న ఎండును. పండిన యేట జొన్నలు పాతరలో పోసి మూయుట, మరుసటి యేటికి తీసికొనుట. 1983లో మొదటి బోరు వేయించితిమి. 180 అడుగులకు నీరు పొంగినది. ఊరంతయు వచ్చి చూచినది. మూడెకరములలో మూడువందల చీనీమొక్కలు నాటితిమి. కాపు వచ్చిన తరువాత నాలుగైదేండ్లు మంచి రోజులే. అబద్ధమాడను. ఇల్లు మిద్దె యయ్యెను, మోటారుసైకిలు వచ్చెను, చెల్లెలి పెండ్లికి ప్రొద్దుటూరునకు పోయి, అడిగినదానికంటె రెండు తులములు ఎక్కువయే బంగారము కొంటిమి.

పిమ్మట నీరు దిగుట మొదలిడెను. 1992లో రెండవ బోరు, 1997లో మూడవది. నాలుగవది 560 అడుగులు. కట్టకడపటిది, ఆరవది, 2003లో 820 అడుగులు. పొడి తప్ప మరేమియు రాలేదు. అవి వరుస కరవు సంవత్సరములని మీకందరకు జ్ఞాపకమే. ఇరువదేండ్లు పెంచిన చెట్లను కట్టెలక్రింద తూచి యమ్మితిమి. బోరు అప్పుకు రెండెకరములు పోయినది.

ఇంతవరకు ఇది నష్టము కథ. ఇట్టివి ఈ సభలో నున్న ప్రతి యింట నొకటి దొరకును. నేను చెప్పదలచినది నష్టమును గూర్చి కాదు. ఆ తోట పచ్చగా నున్న యేండ్లను గూర్చి. ఆ యేండ్లలో మా ఇంట ఎవ్వరును సుఖముగ నిద్రించి యెరుగరు. మూడు ఫేజుల కరెంటు రాత్రివేళ వచ్చును. ఎప్పుడు వచ్చునో తెలియదు. తమ్ముడు స్టార్టరు పెట్టె ప్రక్కన మంచము వేసికొని పండుకొనెడివాడు. పగలు బడి, సాయంకాలము తోట, రాత్రి మోటారు; నా బ్రతుకు నిది. తెలుగు పండితుడనై యుండియు పదేండ్లు పాఠ్యపుస్తకము తప్ప మరియొక పుస్తకమును తుదివరకు చదివినవాడను కాను. మా నాయనకు చదువు లేదు. అయినను నూర్పిళ్ళైన పిమ్మట ఉగాదివరకు రచ్చకట్టమీద కూర్చుండి భారతము చదివించుకొని వినెడివాడు. ఆయనకంటె నాలుగింతలు సంపాదించిన మాకు, ఆయనకున్న తీరికలో నాలుగవవంతు లేకపోయెను. ఇది యెట్లు జరిగినది? నా ప్రసంగమంతయు ఈ ప్రశ్నయే.

ఈ ప్రశ్న వేసికొనినవారిలో మనము మొదటివారము కాము. 1930లో ఇంగ్లండు దేశపు ఆర్థికశాస్త్రజ్ఞుడు కీన్సు, తన మనుమల కాలమున లోకమెట్లుండునో ఊహించుచు ఒక వ్యాసము వ్రాసెను. యంత్రములు పెరుగును, సంపద పెరుగును, నూరేండ్లకు మనుష్యుడు వారమునకు 15 గంటలు పనిచేసిన చాలునని ఆయన యంచనా. 2030 దగ్గరపడినది. సంపద పెరుగునన్న మాట నిజమైనది; 15 గంటలన్న మాట మాత్రము కాలేదు. బెంగుళూరులో పనిచేయు మన పిల్లలను అడిగిచూడుడు. అదే కాలమున, 1932లో, బెర్ట్రండు రస్సెలు అను తత్త్వవేత్త దినమునకు నాలుగు గంటల పనియే చాలునని వాదించెను. వీరిరువురు చెప్పినది మనకెంతవరకు పట్టునో నాకు సందేహమే. వారి దేశపు కడుపు నిండిన తరువాతి మాటలవి.

మనకు దగ్గరగా మాటలాడినవారు జె.సి. కుమారప్పగారు. తంజావూరులో 1892లో పుట్టి, లండనులో లెక్కలశాస్త్రము నేర్చి, అమెరికాలో అర్థశాస్త్రము చదివి, బొంబాయిలో లెక్కల తనిఖీ చేయుచుండిన దొరగారు. గాంధీమహాత్ముని కలిసికొన్న పిమ్మట సూటుబూటులు విడిచిరి. గుజరాతులోని మాతర్ తాలూకాలో పల్లెపల్లెకు తిరిగి, రైతు ఆదాయమెంత, ఖర్చెంత యని లెక్క కట్టిరి. ‘శాశ్వత ఆర్థికవ్యవస్థ’ యను అర్థము వచ్చు పేరుతో వారు జైలులో వ్రాసిన పుస్తకము 1945లో వెలువడినది. ప్రకృతిలో రెండు విధములైన సంపద కలదని వారి విచారము. తీసికొనిన కొలది తరుగునది యొకటి, బొగ్గువలె. తీసికొనినను మరల నిండునది యింకొకటి, అడవివలె, వాననీటివలె. అదియును నిండు వేగమునకు లోబడి తీసికొన్నంతవరకే. రెండవదానిని మొదటిదానివలె వాడుకొనుట యపాయమని నేనందునుండి గ్రహించితిని. ఈ పుస్తకము మన గ్రంథాలయములో లేదు, తెప్పింపవలసినదని కోరుచున్నాను. నేనది చదివినది తోట కొట్టివేసిన తరువాత. ముందే చదివియుండిన బోరు వేయించకపోయెడివాడనని చెప్పుట మాత్రము గొప్పకు చెప్పుకొనుటయే యగును.

లెక్కలవారి మాట వచ్చినది గనుక, మనమును ఒక చిన్న లెక్క చేసికొందము. ఎకరము నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన, నాలుగువేల లీటర్లకు కొంచెము పైగా నీరు. మన వైపు ఏడాదికి 600 మిల్లీమీటర్లు కురిసినదనుకొందము. అది మంచి యేడే. ఎకరమునకు 24 లక్షల లీటర్లు. కాని మన క్రింద నున్నది గట్టిరాయి. నీరు నిలుచునది పగుళ్ళలోనే. అట్టి నేలలో వానలో ఇంచుమించు పదవవంతు మాత్రమే లోతునకు దిగునని వేసికొనిన, ఎకరము వంతుకు 2 లక్షల 40 వేల లీటర్లు. ఇక కాపునకు వచ్చిన చీనీచెట్టునకు ఎండకాలమున దినమునకు నూరు లీటర్లని తక్కువగానే వేయుదము. ఎకరమునకు నూరు చెట్లు; దినమునకు పదివేల లీటర్లు. 24 దినములలో ఆ యేటి వంతు సరి. తక్కిన ఎండకాలమంతయు మనము తోడినది ఎవరి నీరు? ప్రక్కవాని నీరు, కాకున్న, వెనుకటి యేండ్ల నీరు. ఈ లెక్కకు ఐదవ తరగతి గుణకారము చాలును. మా ఇంట నేనొక ఉపాధ్యాయుడనై యుండియు ఇరువదేండ్లలో ఒక్కసారియు వేయలేదు. 2004 నుండి సేద్యమునకు కరెంటు ఉచితమైన తరువాత లెక్క అవసరమే లేదనిపించినది. ఉచితమును నేను నిందింపను, దానివలన నిలిచిన కుటుంబములు కలవు. వెలలేనిదానికి కొలతయు లేకపోయినదని మాత్రము చెప్పుచున్నాను.

ఈ లెక్కను వేసినవారు మన జిల్లాలోనే కలరు. 2003లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయముతో, రైతులే నిర్వహించుకొను భూగర్భజల పథకమొకటి మొదలైనది. కడప, అనంతపురము, కర్నూలు, చిత్తూరు, ప్రకాశము, మహబూబునగరము, నల్లగొండ: ఈ యేడు కరవు జిల్లాలలో ఆరువందలకు పైబడిన గ్రామములలో అది నడచినది. ఆ పథకము రైతునకు డబ్బు పంచలేదు. బోరు వేయరాదని ఆజ్ఞాపింపలేదు. ఊరిలో వర్షమాపకము నుంచిరి. ఎన్నుకొనిన బావులలోనికి కొలతతాడు వదలి నీటిమట్టమును చూచుట, బోరు ఎంత నీటిని పోయుచున్నదో కొలుచుట, పుస్తకములో వ్రాయుట, గోడమీద అందరికి కనబడునట్లు వ్రాయుట. ఇదంతయు రైతులు, స్త్రీలును పురుషులును, స్వయముగ చేసిరి. వానకారు ముగిసిన పిమ్మట, రబీ విత్తుటకు ముందు అందరు కూడుదురు. నేలలో ఇంత నీరున్నది, మనమందరము అనుకొన్న పైరులు వేసిన ఇంత కావలెను, ఇంత తరుగుచున్నది యని లెక్క చదువుదురు. అంతటితో సభ ముగియును. ఎవరింటికి వారు పోయి ఎవరి యిష్టము వచ్చినట్లు వారు చేయవచ్చును.

వింత యేమనగా, లెక్క విన్నవారిలో పలువురు వరిని తగ్గించిరి, ఆరుతడి పైరులకు దిగిరి. ప్రపంచబ్యాంకువారు 2010లో ప్రచురించిన పరిశీలనలో ఈ పథకమును మెచ్చుకొనిరి. తోడు నీరు తగ్గినను రైతుల రాబడి తగ్గలేదని వారు చూచిరి. ఆ రైతులు త్యాగమూర్తులై అట్లు చేయలేదు. ఎండిపోవు పైరునకు విత్తనము, ఎరువు, రెక్కలకష్టము పోయుట నష్టమని తెలిసి చేసిరి. నాకు నచ్చినది ఇదియే. కోరికలు చంపుకొమ్మని మనకు చెప్పినవారు వేమననాటినుండి ఎందరో కలరు. వినుచునే యున్నాము, బోర్లు వేయుచునే యున్నాము. కొలతతాడు చెప్పిన మాట మాత్రము వినబడినది.

ఇప్పుడు కృష్ణానీరు గండికోటకు వచ్చినది, అచ్చటినుండి ఎత్తిపోతలతో పార్నపల్లెకడ చిత్రావతి జలాశయమునకు వచ్చుచున్నది; ఇక ఈ పాత గోల యెందుకని యువకులు కొందరనుచున్నారు. నీరు రావలసినదే. కర్నూలు-కడప కాలువ మొదలుకొని మన జిల్లా వాసులు కాలువకై కన్నులు కాచుకొనినవారే. కాని ఆ నీటికిని వెల కలదు. 2020లో గండికోట నీటిమట్టమును పెంచినపుడు జమ్మలమడుగు వైపు తాళ్ళప్రొద్దుటూరు మునిగినది. ఇండ్లు, దేవళములు, రచ్చకట్టలు నీటిక్రింద నున్నవి. మన పైరునకు వచ్చు తడి ఇంకొకరి గడపమీదుగా వచ్చుచున్నదని తెలిసికొని వాడుకొనుట వేరు, తెలియక వాడుకొనుట వేరు.

ఇచ్చట ఒక పొరపాటు భావము కలుగకుండ చూడవలెను. తక్కువ పని, తక్కువ వాడకము అను మాటను నేను కూలివానికి చెప్పుటలేదు. వానికి పని దొరకని దినమే యుపవాస దినము. 2006 ఫిబ్రవరి 2న మన ప్రక్క జిల్లాయైన అనంతపురములో, బండ్లపల్లెలో, ఏడాదికి నూరు దినముల పని హామీ పథకము మొదలైనపుడు, పనియే వరమైన జనము ఎందరు కలరో దేశమంతయు చూచినది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల గుంటమగ్గములలో కాళ్ళు దించి కూర్చుండు నేతపనివానికిని ఈ మాట చెప్పను. మరయంత్రపు గుడ్డ చవుకయైన కొలది, వాడు అదే కూలికి ఇంకొక గంట ఆడింపవలసి వచ్చును. వాని పని తగ్గవలెనన్న, కొనువారమైన మనము ఏడాదికి పది చవుకచీరలకు బదులు నాలుగు మంచి నేతచీరలు, కూలి గిట్టుబాటగు వెలకు కొనవలెను. అప్పుడు మన బీరువాలో బరువు తగ్గును, వాని ఇంట దీపము పెందలకడ ఆరును.

పాతకాలము స్వర్ణయుగమనియు నేననను. 1876-78 నాటి కరవు ఈ సీమను ఊడ్చిపెట్టినది. పాతరలు నిండిన యిండ్లు కొన్నియే. వానిచుట్టు ఆకలిగొన్న వాడలు కలవు. మా నాయన భారతము వినుచు కూర్చున్న వేళ, మా జేజియు అమ్మయు విసుర్రాయికడ నుండిరి. మగవాని తీరిక ఆడుదాని రెక్కలమీద నిలిచినది. ఈనాటికిని మన గ్రంథాలయము తెరచునది సాయంకాలము ఆరు మొదలు ఎనిమిదివరకు. అది సంగటి గెలుకు వేళ. చందాదారుల పట్టికలో స్త్రీల పేర్లు తక్కువ యని వార్షిక నివేదికలో విచారము వెలిబుచ్చిరి. వేళ మార్చిన విచారము కొంత తీరునేమో చూడుడు.

ఇక పెండ్లిండ్లు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళవారు నన్ను మన్నింతురుగాక. చెల్లెలికి మేము కొన్న ఆ రెండు తులములు ఎవరడుగలేదు. ప్రక్కవీధిలో అంతకుముందు నెలలో జరిగిన పెండ్లి అడిగినది. మా పెండ్లి మరియొక యింటిని అడిగియుండును. మూడవ బోరు అప్పులో సగము ఈ పెండ్లి అప్పునకే చుట్టుకొనినది. మంచమున్నంతవరకే కాళ్ళు చాపుమన్నారు పెద్దలు. మేము ప్రక్కింటి మంచమును చూచి చాపితిమి.

తోట పోయిన పిమ్మట మా యింట నేమి జరిగినదో చెప్పి ముగింతును. మిగిలిన యైదెకరములలో మరల కొర్ర, కంది, కొంత చెనిక్కాయ వేయుచున్నాము. కొర్ర మూడు నెలల పైరు, రెండు మంచి వానలు సమయమునకు పడిన చేతికి వచ్చును. దానికి రాత్రులు కావలి లేదు. వెనుక పేదల కూడని నవ్విన ఆ కొర్రను ఇప్పుడు పట్టణములవారు వెదకి కొనుచున్నారు. 2023ను ప్రపంచమంతయు చిరుధాన్యముల సంవత్సరముగ జరుపుకొనినది. రాబడి చీనీనాటిదానిలో మూడవవంతునకును రాదు. అయినను ఖర్చు అంతకంటె ఎక్కువగా తగ్గినది, అప్పు లేదు. నాకు మధ్యాహ్నము మిగిలినది. ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయములో ప్రదక్షిణములు చేయుచు పుట్టపర్తి నారాయణాచార్యులవారు శివతాండవమును పలికిరని విందుము. తీరిక దొరికినవాడెల్ల కవి కాడు, నేను కాలేదు. ఇచ్చటి బీరువాలలో అరువదియెనిమిది పుస్తకములు చదివితిని, మనుమరాలికి పద్యములు నేర్పితిని.

ఈ మాటలే ఒకనాడు మా తమ్మునితో చెప్పితిని. అతడు విని, “అన్నా, నీకు నెలనెలా పింఛను వచ్చును. నీవు చాలు ననవచ్చును. నాకెవరిత్తురు?” అనినాడు. నేను బదులు చెప్పలేకపోతిని. అతని కుమారుడు బెంగుళూరులో రాత్రిపూట కారు నడుపుచున్నాడు. స్టార్టరు ప్రక్కన తండ్రి మేలుకొనినట్లే ఇప్పుడు కొడుకు మేలుకొనుచున్నాడు. తమ్ముడు గత సంవత్సరము మరల బోరు మాట యెత్తినాడు. ప్రక్కపొలమువారు వేసిరి, నీరు పడినది. వలదనుటకు నాకు హక్కు లేదు. అతని వంతు అతనిది. ఒక్కటి మాత్రము అడిగితిని: వేయుటకుముందు ఒక్క వానకారు కొలిచి చూతమని. పెదవి విరిచినాడు గాని కాదనలేదు.

ఆ కొలతకొరకే కార్యదర్శిగారిని బ్రతిమాలి, గ్రంథాలయము ముందర వర్షమాపకము నొకటి నిలిపించితిని. మీరు లోనికి వచ్చునపుడు గుమ్మము కుడిప్రక్కన చూచియుందురు. దానిప్రక్కన గోడకు నల్లరంగు పూసినారు. మూడు పొలములవారు తమ పాతబావులలో తాడు వదలి చూచుటకు ఒప్పుకొనిరి. నాలుగవది మా తమ్మునిది. కొలతపుస్తకము వార్తాపత్రికల బల్లమీద నుండును. మొన్న ఆదివారము కురిసిన జల్లు 11 మిల్లీమీటర్లు. అది పుస్తకములోని మొదటి వరుస. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు చూచి వ్రాయవలెను. సోమ, మంగళ వారములు నేను చూతును. తక్కిన దినములకు పేర్లు కావలెను. సభ ముగిసిన పిమ్మట ఆ బల్లకడ నిలుచుందును.